బిగించిన జడ

ఆడవాళ్ళ వార్డులో ఆ ఆయాను అందరూ జడలమ్మ అనేవారు. పక్కలు మార్చడం, ఒళ్ళు తుడవడం అయ్యాక, చెయ్యి లేవని రోగుల పక్కన కూర్చుని, కుదుళ్ళు వేళ్ళతో అదిమిపట్టి, చిక్కు తీస్తున్నట్టే తెలియకుండా దువ్వేది. ఇంట్లో మాత్రం డ్యూటీకి వెళ్ళే హడావిడిలో కూతురి తల మోకాళ్ళ మధ్య ఇరికించి, కళ్ళు పైకి లాక్కుపోయేలా జడ బిగించేది.

ఆమె పోయాక, ఒకప్పుడు ఆ వార్డులో ఉన్న ఒకావిడ పలకరించడానికి వచ్చింది. "మీ అమ్మ దువ్వుతుంటే నిద్రొచ్చేసేదమ్మా. వెన్నలాంటి చెయ్యి" అంది.

కూతురికి కడుపు మండింది. "ఆ వెన్నంతా మీకే పెట్టింది. నాకు మిగిలింది తలనొప్పే."

గోడకి ఆనుకుని కూర్చున్న తోటి ఆయా తలెత్తింది. "వాళ్ళ జడ ఊడితే మళ్ళీ వెయ్యడానికి అక్కడే ఉండేదిగా. స్కూల్లో నీ జడ ఊడితే ఎవరున్నారే? 'సాయంత్రం నేనొచ్చేదాకా నిలవాలి, తల్లి లేని పిల్లలా కనపడకూడదు' అనేది మీ అమ్మ."

కూతురు వచ్చినావిడ వైపు తిరిగింది.

"మీకెప్పుడైనా అంత గట్టిగా వేసిందా?"

"లేదమ్మా, ఒక్కసారి కూడా."

"మీకెందుకు వేస్తుంది" అంది కూతురు, జడ ముందుకు వేసుకుంటూ.