ఆలూరు బండి స్టీరింగ్ బిగించిన వేసవి

1955 వేసవిలో కడప వర్క్‌షాపు నుంచి నన్ను ఆలూరుకు పంపారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నా హోదా రెండో తరగతి మెకానిక్. రెండో తరగతి వాడికి నట్టు తిప్పే అధికారం ఉంటుంది గాని అభిప్రాయం చెప్పే అధికారం ఉండదు. అభిప్రాయం ఫోర్‌మన్‌ది, దాని మీద సంతకం ఇంజినీరుది. నాకిచ్చిన ఆదేశం చిన్నది. ఆలూరు దగ్గర ఆగిపోయిన సంచార వైద్యశాల బండికి స్టీరింగ్ పెట్టె మార్చాలి. మార్చాక ఇంజినీరు వచ్చి నడిపించి చూస్తారు. బాగుంటే బండి మళ్ళీ ఊళ్ళు తిరుగుతుంది, బాగా లేకపోతే కండెం చేస్తారు. అంటే లెక్కల్లోంచి కొట్టేసి పాత ఇనుము కింద వేలం వేస్తారు.

ఇప్పటి కార్ల స్టీరింగు చిటికెన వేలితో తిప్పినా తిరుగుతుంది. ఆ రోజుల స్టీరింగుకు భుజబలం కావాలి. చేతిలో చక్రం, దాని కింద పొడుగాటి గొట్టం, గొట్టం అడుగున నూనె నింపిన ఇనుప పెట్టె. పెట్టెలో మరచుట్లున్న కడ్డీ ఒకటి, దానికి ఆనుకుని పళ్ళున్న ముక్క ఒకటి. ఆ ముక్క ఇరుసు పెట్టె బయటికి వస్తుంది. దాని చివర కిందికి వేలాడే ఇనుప చేతిని డ్రాప్ ఆర్మ్ అంటాం. డ్రైవరు తిప్పిన తిప్పుడు ఆ ఆర్మ్ ద్వారా ముందు చక్రాలకు అందుతుంది. లోపలి పళ్ళు అరిగితే స్టీరింగు తిరుగుతుంది గాని చక్రాలు కదలవు. ఆ ఖాళీ తిరుగుడునే వదులు అంటాం. స్టీరింగు అంచున రెండు వేళ్ళ వదులుంటే ఫరవాలేదు. ఆలూరు బండికి దాదాపు అర చుట్టు వదులుండేది.

అది యుద్ధకాలపు బండి. చాలా ఏళ్ళు సముద్రపు ఒడ్డున తిరిగి, రాష్ట్రం విడిపోయినప్పుడు పంపకాల్లో మన వాటాకు వచ్చింది. పంపకాల్లో ఎవరు మాత్రం మంచి ఎద్దును వదులుకుంటారు? మా సీమ ఎండకు ఇనుము తుప్పు పట్టదు. తుప్పు పట్టేంత తేమే ఉంటే మా రైతుల బతుకులు ఇంకోలా ఉండేవి. ఆ బండి తుప్పంతా ఉప్పుగాలి తెచ్చిన తుప్పు. కింద పడుకుని వేలితో గీరితే పొరలుపొరలుగా కళ్ళల్లో రాలేది.

బండితోపాటు దాని డ్రైవరూ మన వాటాకు వచ్చాడు. పేరు మస్తాన్. కర్నూలు మనిషే. యాభై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. చాలా ఏళ్ళుగా ఆ బండినే నడుపుతూ, రాత్రిళ్ళు అందులోనే పడుకునేవాడు. ఆయనది తాత్కాలిక ఉద్యోగం, అదీ ఆ బండి పేరు మీద ఉన్న ఉద్యోగం. బండి కండెమయితే పోస్టూ దాంతోనే పోతుంది. ఆ వయసు మనిషిని కొత్తగా ఎవరూ తీసుకోరు. ఈ సంగతి నాకు కడపలోనే చెప్పి పంపారు.

బండి ఊరికి దూరంగా, రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో ఉంది. అది ఆగిపోగానే డాక్టరు, కాంపౌండరు ఆదోనికి వెళ్ళిపోయారు. నేను పనిముట్ల పెట్టెతో బస్సు దిగేసరికి మస్తాన్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూడలేదు, నా పెట్టెను చూశాడు.

"కండెం రాయనీకి వచ్చినావా సార్?" అన్నాడు.

బాగు చేయడానికి వచ్చానని చెప్పాను. నమ్మినట్టు లేదు. తల ఊపి బండెక్కి తలుపు వేసుకున్నాడు. ఆ రోజుకు మా మాటలు అంతే. మర్నాడు అవి కూడా లేవు.

నాది రాజంపేట. మామిడితోటలు, చుట్టూ కొండలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ జొన్న కోసేసిన నల్లరేగడి, కనుచూపు మేర నెర్రెలు విచ్చి పడి ఉంది. చూపు ఆనడానికి ఒక చెట్టు లేదు. పెళ్ళయి ఏడాది కాలేదు, భార్య రాజంపేటలోనే ఉంది. ఒంటరితనం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తెలియదు. మాట్లాడే మనిషి లేకపోవడమే ఒంటరితనమని అనుకునేవాణ్ణి. మనిషి పదడుగుల దూరంలో ఉండి మాట్లాడకపోవడం అంతకంటే కష్టమని అక్కడ తెలిసింది. షెడ్డుకు ఆ మూల నా పొయ్యి, ఈ మూల ఆయన పొయ్యి. కలిసి వండుకుందామని నేను అడగలేదు, ఆయనా అడగలేదు. ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు.

ఊరి నుంచి వచ్చేవాడు హనుమప్ప అనే రైతు ఒక్కడే. వచ్చి రోడ్డు మీదే నిలబడి అడిగేవాడు.

"ఏమప్పా, బండి ఎప్పటికి లేస్తాది? మాయమ్మ కండ్లల్లో మందు ఏపిచ్చుకోని శానా దినాలాయ."

రెండు మూడు రోజులని చెప్పేవాణ్ణి. మళ్ళీ వచ్చినప్పుడూ అదే చెప్పేవాణ్ణి.

దానికి తోడు ఆ ప్రాంతంలో గాలి ఎక్కువ. చీకటి పడితే షెడ్డులోకి తోసుకొచ్చి బండిని ఊపేది. వదులైన స్టీరింగు గొట్టం దాన్ని పట్టి ఉంచే ఇనుప పట్టీకి తగిలి రాత్రంతా టకటకమనేది. మెకానిక్‌కు అలాంటి శబ్దం పంటిలో ఇరుక్కున్న పీచు లాంటిది. తీసేదాకా మనసు దాని మీదే ఉంటుంది. పెట్టె మార్చేటప్పుడు దీన్నీ వదిలించుకోవాలని మొదటి రాత్రే అనుకున్నాను.

పెట్టెను చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు తుప్పుతో ఒకటైపోయాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డలు చుట్టాను, బ్లో ల్యాంపుతో వేడి చేశాను, లొంగనివాటిని రంపంతో కోశాను. అసలు చిక్కు డ్రాప్ ఆర్మ్ దగ్గర వచ్చింది. దాని పెద్ద నట్టు ఊడింది గాని ఆర్మ్ ఇరుసును వదల్లేదు. దాన్ని లాగే పనిముట్టు కడపలో ఒక్కటే ఉండేది, అది ఫోర్‌మన్ గారి బీరువా దాటి బయటికి వచ్చేది కాదు. లేనప్పుడు చేసే పద్ధతి ఒకటుంది. ఆర్మ్ తలకు ఒక పక్క బరువైన సుత్తిని గట్టిగా ఆనించి పట్టుకోవాలి, రెండో పక్క నుంచి ఇంకో సుత్తితో కొట్టాలి. ఆ అదురుకు పట్టు విడుతుంది. ఇది ఒక్కడి పని కాదు. ఆ ఇరుకులో నేను ఒక్కణ్ణే రెండు సుత్తులతో ఒక పూటంతా అవస్థపడ్డాను.

మస్తాన్ చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఏమనుకున్నాడో లేచి వచ్చి, బండి కింద నా ఎదురుగా పడుకుని, పెద్ద సుత్తి తీసుకుని ఆనించాడు. నేను కొట్టాను. ఒక్కో దెబ్బకు తుప్పు ఇద్దరి మొహాల మీదా రాలింది. చాలాసేపు కొట్టాక ఆర్మ్ ఊడి మా మధ్య పడింది. ఆ సాయంత్రం మస్తాన్ తన పొయ్యి దగ్గర నుంచి కాస్త చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, తెచ్చి నా జొన్నరొట్టె మీద పెట్టి వెళ్ళాడు.

కడప నుంచి తెచ్చిన కొత్త పెట్టె బిగించడం తేలికగానే సాగింది. గొట్టం పట్టీలో అదరకుండా పైన కొత్త బుష్, అంటే లోహపు తొడుగు, వేశాను; టకటక ఆగిపోయింది. చక్రాలను తిన్నగా నిలిపి, స్టీరింగును నడిమికి తెచ్చి, ఆర్మ్ ఎక్కించాను. వదులు సరిగ్గా రెండు వేళ్ళు వచ్చింది. నేనే కొంతదూరం నడిపి చూసుకున్నాను. బండి చెప్పినట్టు విన్నది. తర్వాత తాళం మస్తాన్ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను.

బండి రోడ్డెక్కగానే కుడికి ఉరికింది. ఎడమకు లాగాడు, ఎడమకు ఉరికింది. ఇంకాస్త ఉంటే రోడ్డు పక్క కాలవలో ఉండేవాళ్ళం. బ్రేకు మీద కాలు బిగబట్టి ఆపాడు. ఇన్నేళ్ళూ ఆ చేతులు ముందు అర చుట్టు ఖాళీగా తిప్పి, ఆ తర్వాతే బండిని తిప్పడానికి అలవాటుపడ్డాయి. ఇప్పుడు ఖాళీ లేదు. తిప్పినదంతా చక్రాలకు అందుతోంది. లోపం పెట్టెలో నుంచి పోయింది గాని చేతుల్లో మిగిలింది.

"నా చేతులు యాడికో పోతాండాయి సార్," అన్నాడు. "ఇది నా బండి గాదు. రోంత వదులు జేసి ఇయ్యి."

ఇంజినీరు వచ్చే వారం వస్తున్నట్టు అప్పటికే కబురు అందింది. పాతంత వదులు చేసి ఇస్తే బండి కండెం. బిగువుగానే ఉంచితే ఇంజినీరు ఎదుటే బండి కాలవలో దిగుతుంది. ఎటు చూసినా పోయేది మస్తాన్ ఉద్యోగమే. పెట్టె మీద ఒక సర్దుబాటు మర ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి పళ్ళు దగ్గరికి జరుగుతాయి, వెనక్కి తిప్పితే దూరమవుతాయి. దాన్ని బాగా వెనక్కి తిప్పి, దగ్గర్లో ఎండిపోయిన చెరువులోకి బండిని దింపించాను. పగలు మస్తాన్ అక్కడ నడిపేవాడు. సాయంత్రం ఆయన చూస్తుండగానే మరను కొద్దిగా బిగించేవాణ్ణి. మర్నాడు ఆ బిగువుకు చేతులు అలవాటయ్యేవి. ఇలా రోజుకు కొంచెం చొప్పున వదులు తగ్గిస్తూ వచ్చాను.

రెండు వేళ్ళకు దగ్గరపడ్డాక మళ్ళీ చేతులు తప్పాయి. ముందు రోజు బాగా నడిపినవాడు ఆ రోజు తిన్నగా ఉన్న చోట కూడా వంకరలు పోయాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. నిద్ర లేదన్నాడు. ఎందుకు లేదని అడిగాను. స్టీరింగు మీద చేతులుంచి, ముందుకు చూస్తూ చెప్పాడు.

"ముందు రేత్రంతా టకటకమంటాండె సార్. ఇప్పుడు గాలైతే తోల్తాండాది, సద్దు లేదు. పండుకుంటే, ఈడ ఒక్కడే ఉండానని తెలుస్తాండాది."

కొత్త బుష్ వేసిన రాత్రి నుంచి నాకూ సరిగ్గా నిద్ర లేదు. శబ్దం పోయింది కాబట్టి సుఖంగా పడుకోవలసినవాణ్ణి, కళ్ళు తెరుచుకుని రేకుల వైపు చూస్తూ పడి ఉండేవాణ్ణి. ఎందుకో ఆ మాట వినేదాకా నాకు తెలియలేదు.

మళ్ళీ వదులు చేయడానికి వీల్లేదు. ఆ సాయంత్రం పాత డ్రాప్ ఆర్మ్ నట్టు తీసుకుని, తుప్పు గీకి, పురికొసతో స్టీరింగు పట్టీకి వేలాడదీశాను. బండి ఊగితే నట్టు గొట్టానికి తగలాలి. మొదట బరువుగా తగిలింది. పురి కాస్త కురచ చేశాను, సరిపోయింది. శబ్దాలు మాన్పడానికి జీతం తీసుకునే మనిషిని, ఒక శబ్దం కుదిరేదాకా అంతసేపు కూర్చుని సరిచేశాను. మస్తాన్ పక్కన నిలబడి చూశాడు. నవ్వలేదు. బండి నడిపేటప్పుడు మాత్రం దీన్ని విప్పి జేబులో పెట్టుకోవాలని చెప్పాను. సరేనన్నాడు. ఆ రాత్రి గాలి లేచింది, నట్టు మోగింది. కాసేపటికి బండిలోంచి గురక వినిపించింది. నేనూ పడుకున్నాను.

ఇంజినీరు కర్నూలు నుంచి జీపులో వచ్చారు. స్టీరింగు అంచున వేళ్ళు పెట్టి వదులు చూసుకున్నారు. కింద వంగి బోల్టులు తట్టారు. మస్తాన్ పక్కన కూర్చుని ఆలూరు దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. నేను షెడ్డు దగ్గర నిలబడి, వచ్చే దుమ్ములో ముందు చక్రాలనే చూస్తున్నాను. చక్రాలు తిన్నగా వచ్చాయి. ఆయన దిగి, ఈ తుప్పు బండి ఇంకో రెండు మూడేళ్ళు లాగుతుందని నాతో అని, బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. మస్తాన్ ఒక చెయ్యి చొక్కా జేబు మీద పెట్టుకుని నిలబడ్డాడు. జేబు బరువుకు చొక్కా ఒక పక్కకు జారి ఉంది.

నేను మర్నాడు పొద్దున బస్సుకు బయలుదేరాను. అప్పటికే హనుమప్ప వాళ్ళమ్మను ఎడ్లబండిలో తెచ్చి రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. డాక్టరు ఆదోని నుంచి ఇంకా రాలేదు. మస్తాన్ నా పెట్టె బస్సు మీదికి ఎత్తించి, కడపకు పోయాక ఉత్తరం రాయమనలేదు, మళ్ళీ రమ్మనలేదు. "మంచిది సార్" అన్నాడు. నేనూ మంచిదన్నాను. ఆయనను మళ్ళీ చూడలేదు.

ఆ తర్వాత ఫోర్‌మన్ అయ్యాను, సంతకం పెట్టే దాకా ఎదిగి రిటైరయ్యాను. ఆ పని నాకు నేర్పింది ఇది. బండిలో ఒక లోపం ఎన్నేళ్ళుంటే, దాన్ని నడిపే మనిషి అన్నేళ్ళు దానికి సర్దుకుని ఉంటాడు. లోపాన్ని తీసేయడం మన పని. మనిషి మళ్ళీ సర్దుకోవడానికి వ్యవధి ఇవ్వడం కూడా మన పనే. నా సర్వీసులో ఏ బండి స్టీరింగు మార్చినా, దాని డ్రైవరు ఖాళీ మైదానంలో నడిపి చూపించేదాకా నేను బండిని బయటికి వదల్లేదు.

శబ్దాల సంగతి వేరు. ఎన్ని బండ్లలో ఎన్ని శబ్దాలు మాన్పించానో నాకే గుర్తులేదు. నా చేతులారా ఒక బండికి పెట్టిన శబ్దం ఆ ఆలూరుదొక్కటే. బయలుదేరే ముందు రాత్రి కూడా అది మోగింది. పని అయిపోయింది కదా, ఇక విప్పేయమని మస్తాన్‌కు నేను చెప్పలేదు.