స్టాప్‌వాచీ మేనేజరు, మా అమ్మ నూలు

మొన్న మేనేజిమెంటు చదువుతున్న మా మనవరాలు వచ్చి, పూర్వపు నిర్వహణ పండితులు ఈనాటి కంపెనీ పెద్దలకు ఏమైనా పనికొస్తారా అని వ్యాసం రాయాలి, నీకేమైనా తెలుసా అమ్మమ్మా అని ఆటపట్టించింది. తెలియకేం? పనివాళ్ళ ప్రతి కదలికనూ గడియారం పెట్టి కొలిచిన ఆ అమెరికా ఇంజనీరు పుస్తకం నేను పందొమ్మిదో ఏటే, ఒక మనిషి మీద కసితో చదివాను. ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు గానీ నా కసి మాత్రం అలాగే ఉంది.

అరవైల చివర, శ్రీకాకుళం దగ్గర మా ఊరి నూలు కేంద్రంలో నేను రాతపని చూసేదాన్ని, మా అమ్మ రాట్నం ముందు కూర్చునేది. మా వైపు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో, ఆ సన్నటి పళ్ళతో దువ్వి, గింజ తీసి, ఏకులనే సన్నటి దూది చుట్టలు చేసి, అవి ఎండిపోకుండా అరటి దొప్పలో దాచుకుని వడికేవారు. దువ్విన చెయ్యే వడకాలి, ఏ పత్తి ఎంత లాగితే తెగుతుందో ఆ చేతికే తెలుస్తుంది. అమ్మ తీసిన పోగు వెలుతురుకు పట్టుకుంటే గానీ కనబడేది కాదు.

అక్కడికి పట్నం నుంచి కొత్త మేనేజరు దిగాడు, చేతిలో స్టాప్‌వాచీ, చంకలో ఆ పుస్తకం. మూడు రోజులు అందరి వెనకా నిలబడి, ఎముకతో దువ్వడం వృథా అని తేల్చి, గింజ ఒకరు తీయాలి, ఏకులు ఒకరు చేయాలి, ఒకరు వడకాలి అని పనిని ముక్కలు చేసి, అమ్మది నెమ్మది చెయ్యి అంటూ రాట్నం ముందు నుంచి లేపి గింజలు తీసే వరసలో కూర్చోబెట్టాడు. ఇలాగైతే నూలు నిలవదని అమ్మ చెప్పబోతే, ఆలోచించడం నీ పని కాదు, చెప్పింది చెయ్యి అన్నాడు నలుగురిలో. ముప్ఫై ఏళ్ళు వడికిన మనిషితో అనే మాటేనా అది? నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన భోజనానికి వెళ్ళినప్పుడల్లా నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ పుస్తకం చదివాను. పద్ధతి మార్చేముందు పని తెలిసిన చేతుల్లో ఏముందో గ్రహించాలనీ, బాధ్యతలో సగం నిర్వాహకులే మోయాలనీ అందులోనే ఉంది. ఈయన గడియారం పేజీ దగ్గరే ఆగిపోయాడు. ఆ మాట నేను ఆయనకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. కొత్త పద్ధతినంతా పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి, వినయంగా ఆయన సంతకం చేయించుకున్నాను.

సన్న నూలు చూడడానికి పైఅధికారులు వస్తారనగానే ఆయన అమ్మను మళ్ళీ రాట్నం ముందు కూర్చోమన్నాడు. అమ్మ ఇంట్లో చాటుగా దువ్వి చేసుకున్న ఏకులు అరటి దొప్పలో తెచ్చుకుంటే, నేను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను.

"ఒద్దే అమ్మీ, ఆడి మీద కోపం నూలు మీద సూపకు," అంది. నేను వినలేదు.

వరసలో ఎవరో చేసిన ఏకులతోనే అమ్మ వడకాల్సి వచ్చింది, అధికారుల ముందు పోగు తెగింది. అమ్మ అతికింది, మళ్ళీ తెగింది. ఇదేమిటని వాళ్ళు అడగ్గానే సంతకం ఉన్న కాగితం తీసి గొంతెత్తి చదివాను. మేనేజరు ముఖం పాలిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లబడుతుంది. నెల తిరక్కుండా బదిలీ అయింది. ఆయన బస్సెక్కుతుంటే చూడడానికి పనిగట్టుకు వెళ్ళి, వేయించిన జీడిపప్పు నములుతూ బస్సు కదిలేదాకా నిలబడ్డాను.

తర్వాత వచ్చినాయన అమ్మ రాట్నం అమ్మకు ఇస్తానన్నాడు. అమ్మ ముట్టుకోలేదు.

"నా సేతి నూలు తెగిపోతంటే అందరూ సూసినారు. ఇంకేటుంది?" అంది. నా వైపు చూడలేదు. బతికినన్నాళ్ళూ మరి వడకలేదు.

పనిచేసేవాళ్ళ మాట ముందు వినాలని ఇప్పటి పెద్దలు సభలు పెట్టి మరీ చెప్పుకుంటున్నారట, కాలం ఆ మాత్రం మారినందుకు సంతోషమే. ఆ మేనేజరును నేను ఈ జన్మకు క్షమించను. కానీ బీరువాకు తాళం వేసిన రోజు అమ్మ మాట విననిది ఆయన కాదు.