మి.మీ. ముందున్న అంకె

రొద్దం దగ్గరి ఒక ఊరిలో వాన కొలిచే పెద్దాయన రోజూ పొద్దున్నే మా పెనుకొండ ఆఫీసుకు ఒక మెసేజ్ పంపేవాడు. అందులో వాన లెక్క ఒక్కటే ఉండేది కాదు. "4.2 మి.మీ. అప్పా, శెనక్కాయకు పానం వచ్చినాది" అని రాసేవాడు.

ఒకసారి ఫోన్ చేసి, "అంకె ఒకటి పంపితే చాలు సార్" అన్నాను.

"ఒట్టి అంకె కావల్లంటే మీ ఆఫీసోళ్లు మిషను పెట్టుకోండప్పా. మల్ల నేనెందుకు?" అని నవ్వాడు.

దాంతో ఆయన వాక్యాల్లోంచి అంకెను ఏరే కోడ్, రెజెక్స్ అంటాం, నేనే రాశాను. అది మెసేజ్‌లోని చివరి అంకెను పట్టుకుని మా వాన లెక్కల పట్టికలో వేసేది.

ఎండాకాలంలో, చుక్క వాన లేని ఒక రోజున పట్టికలో ఆయన ఊరికి 102 పడింది. మెసేజ్ తెరిచాను. "0.0 మి.మీ. రాత్రి నుంచి జ్వరం 102 ఉండాదప్పా."

జ్వరం అన్న మాట చదివాను. అయినా నా కంటికి అది కోడ్‌లో తప్పుగానే కనిపించింది. 'మి.మీ.' ముందున్న అంకెను మాత్రమే తీసుకునేలా సరిచేశాను. పది నిమిషాల పని. ఆయనకు ఫోన్ చేయలేదు.

తర్వాత ఐదు రోజులు ఒక్క తప్పూ రాలేదు. ఆరో రోజు మెసేజే రాలేదు. ఫోన్ చేస్తే, ధర్మవరం నుంచి వచ్చిన ఆయన కూతురు ఎత్తింది.

"నాయన నిన్న పోయినాడు సార్" అంది.

అప్పుడు ఆ ఐదు మెసేజ్‌లూ పూర్తిగా చదివాను. నాలుగోది ఇలా ఉంది: "0.0 మి.మీ. జ్వరం తగ్గలేదు. పెనుకొండలో మంచి డాక్టరు ఉంటే చెప్పప్పా, వస్తా."

పట్టికలో ఆ రోజు గడిలో 0.0 సరిగ్గానే పడి ఉంది.