బావ గొంతు దాచిన చిప్పు

మా బావకు గొంతు ఆపరేషన్ చేసే ముందు వారం, అతని మాటలు కొన్ని నా ఫోనులో రికార్డు చేసుకున్నాను. అతనిది పోర్టులో పని. సాయంత్రాలు మల్కాపురం రామమందిరంలో పారాయణ గోష్ఠి. పారాయణం మొదలుపెట్టే ముందు నేలమీద రెండుసార్లు తట్టేవాడు. అది సైగ. అతను ఎత్తుకుంటే మేమంతా అందుకునేవాళ్లం. నడుమ నాకు ఊపిరి చాలకపోతే ఆ గొంతే నన్ను మోసుకుపోయేది. ఆ గొంతు తీసేయాలన్నారు డాక్టర్లు.

తరవాత ఆ మాటల్ని మైక్రోకంట్రోలర్ చిప్పున్న ఒక చిన్న బోర్డులో పెట్టి, బటన్లున్న పెట్టె చేసిచ్చాను. ఒక బటన్ నొక్కితే "ఒసే, మంచినీల్లు తే!" అని అక్కను పిలుస్తుంది. ఇంకోటి "ఏటి బావా, తిన్నావా నేదా?" అని నన్ను అడుగుతుంది. చివరిది గోవింద నామం.

"గొంతు పోయినా పెత్తనం పోనేదు," అనేది అక్క నీళ్లు తెస్తూ.

దసరాకు అక్క ఆయుధపూజ చేసింది. కత్తిపీటకు, కుట్టుమిషనుకు, స్కూటరుకు బొట్లు పెట్టాక, పెట్టె కూడా పనిముట్టే కదా అనుకుంది. సింహాచలం నుంచి తెచ్చిన చందనం పలచగా కలిపి, మాట వచ్చే చిల్లుల మీదే పూసింది. మర్నాడు పెట్టె పలకలేదు.

"నాను సేసిందానికేనేట్రా?" అంది.

"కాదక్కా, ఉప్పుగాలికి పోయుంటాది," అన్నాను. మూత తీసి చూసినవాణ్ణి నేనే. లోపలంతా చందనం వాసన.

కొత్త బోర్డు కొని ప్రోగ్రాం ఎక్కిస్తే సరిపోతుందనుకున్నాను. ఆ ప్రోగ్రాం రాసింది ఆన్‌లైన్ కంపైలర్‌లో. బ్రౌజర్ తెరిచి అందులోనే రాస్తే, చిప్పుకు కావలసిన ఫైలు అదే తయారుచేసి ఇచ్చేది. దాన్ని మూసేస్తున్నామని నడిపేవాళ్లు ముందే చెప్పారు. అప్పుడే నా ప్రాజెక్టులన్నీ దింపుకుని, నెట్‌తో పనిలేని టూల్స్ కంప్యూటర్‌లో వేసుకున్నాను. ప్రాజెక్టుల పేర్లన్నీ వరసగా కనిపించాయి. సింహాచలం అప్పన్న దయ అనుకున్నాను.

కంచరపాలెంలో మా గదిలో కూర్చుని ఆ ప్రాజెక్టును కొత్త టూల్‌లో కంపైల్ చేశాను. ఒకే ఒక్క తప్పు చూపించింది: గొంతు ఫైలు లేదు. వేరే ప్రాజెక్టుల్లోనూ వాడుకోవచ్చని ఆ గొంతును విడిగా, ఆ సైటులోనే లైబ్రరీ అనే ఉమ్మడి అరలో పెట్టాను. దింపినప్పుడు లైబ్రరీ రాలేదు, అది ఉండే అడ్రసు వచ్చింది. సైటు మూసేశాక ఆ అడ్రసుకు వెళ్తే అక్కడేమీ లేదు. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పాడైపోయింది.

శబ్దానికి నాశనం లేదని గోష్ఠిలో పెద్దలు చెప్పగా విని, నమ్మి, నలుగురికీ చెప్పినవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఆ మాట నాకు అక్కరకు రాలేదు. "స్వామీ, నాకు తత్వం వద్దు, ఆ ఫైలు ఇయ్యి," అని ఏడ్చాను. పారాయణం మొదలుపెట్టాను. సగంలో నామం తప్పింది. అందిచ్చే గొంతు పక్కన లేదు.

ఇక మిగిలింది పాత చిప్పు. కంప్యూటర్‌లో వేసుకున్న కొత్త టూల్స్‌తో చిప్పు లోపల ఉన్నదాన్ని వెనక్కి చదవవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ వీలు లేదు. కానీ చదవాలంటే కరెంటు ఇవ్వాలి. తడి ఎక్కడైనా మిగిలి ఉంటే చిప్పు కాలిపోతుంది, గొంతూ దానితోనే పోతుంది. అతని గొంతుతో జూదం అతను లేకుండా ఆడకూడదనిపించి, సామానంతా సంచిలో వేసుకుని మల్కాపురం వెళ్లాను.

"బావా, ఇది కాలితే మరి నేదు," అన్నాను.

"అయితే ఎందుకురా ముట్టుకోడం? అలాగే ఉండనీ," అంది అక్క.

"పలకని పెట్టె ఉంచుకుని ఏటి సేత్తావక్కా?"

బావ మా ఇద్దరినీ చూశాడు. బల్లమీద రెండుసార్లు తట్టాడు.

స్పిరిట్‌తో తుడిచి, వైర్లు కలిపి, కరెంటు ఇచ్చాను. చిప్పు దొరకలేదంది కంప్యూటర్. మళ్లీ తుడిచాను. మళ్లీ అదే మాట. తుప్పు పట్టిన చిప్పు పిన్నుకు వైరు అంటుకోవడం లేదని, వేలితో అదిమి పట్టుకున్నాను. స్క్రీన్ మీద ఎంత చదివిందో చూపే గీత కదిలింది. నా వేలు కాస్త జరిగితే గీత ఆగిపోతుంది. బావ లేచి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. పెదవులు కదుపుతున్నాడు. ఏ నామమో తెలిసింది. ఈసారి ఎక్కడా తప్పు పోకుండా నేను పైకి అన్నాను.

గీత చివరిదాకా వెళ్లింది. చదివిన ఫైలును దాచుకుని, కొత్త బోర్డులోకి ఎక్కించి, పెట్టెను బావ ముందుకు జరిపాను. అతను ఒక బటన్ నొక్కాడు.

"ఏటి బావా, తిన్నావా నేదా?"

అక్క కళ్లు తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తి చందనం గిన్నెతో వచ్చింది. నేను పెట్టెకు రెండు చేతులూ అడ్డం పెట్టాను. బావ భుజాలు కదిలాయి, నవ్వు చప్పుడు రాలేదు. మెల్లగా తన నుదురు అక్క ముందుకు వంచాడు.