చేతికి తగలని గాలి

వనపర్తిలో మా మేనమామది వెల్డింగ్ షెడ్డు. రేడియేటరుకు రాళ్లు తగలకుండా కార్ల ముందర బిగించే జాలీలు చేసేవాడు. ఏ జాలీ అయినా బిగించే ముందు నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాడు. పక్క టైర్ల దుకాణంలోంచి నేను వచ్చి అవతల అరచెయ్యి పట్టాలి.

"తగిలిందా అల్లుడా? గాలాడకుంటే ఇంజను సస్తది."

వెల్డింగ్ పొగకు మామ ఊపిరితిత్తులు పూర్తిగా పోయాయని, ఇక మందులు పనిచెయ్యవని దవాఖానలో చెప్పి పంపారు. ఆ వారమే ఎవరిదో ఎర్రటి స్పోర్ట్స్ కారు వచ్చింది. వద్దన్నా వినలేదు. జాలీ చేసి, ఎత్తి ఊదాడు. నా చేతికి ఏమీ తగల్లేదు. దగ్గు ఆగాక మళ్లీ ఊదాడు. నా ముఖం చూశాడు.

"జాలీ మంచిగనే ఉన్నది అల్లుడా," అని స్క్రూలు అందుకున్నాడు.