కిటికీ దగ్గర ఆగిన పదకొండు బిళ్లలు

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉండగా, ఒక వానాకాలం మొదట్లో, జిల్లా ఆఫీసు నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరుని. ఆ కేంద్రానికి పెద్ద డాక్టరునీ నేనే, ఉన్న ఒక్క డాక్టరునీ నేనే. కౌకూర్‌లోని మా ఇంటి నుంచి రోజూ వెళ్లొచ్చేదాన్ని.

అప్పగించిన పని చెప్పుకోవడానికి చిన్నదే. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ నీళ్లతో పాటు రోజుకొక జింకు బిళ్ల చొప్పున పద్నాలుగు రోజులు వేయాలి. రెండో రోజుకే విరేచనాలు కట్టినా బిళ్ల ఆపకూడదు. అలా పూర్తిగా వేస్తే తర్వాత కొన్ని నెలల పాటు మళ్లీ ఆ జబ్బు పట్టుకునే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. తేలిన సంగతి పుస్తకాల్లోకీ, ప్రభుత్వ మార్గదర్శకాల్లోకీ వచ్చింది గానీ పిల్లల నోటి దాకా రాలేదు. మా కేంద్రంలో గట్టిగా అమలు చేసి ఆరు నెలలకు నివేదిక ఇవ్వమన్నారు. మిగతా కేంద్రాలకు ఈ పద్ధతి పంపాలా వద్దా అన్నది దాన్ని చూసి తేలుస్తారట.

నాకు ఇలాంటి పనంటే హుషారు. నర్సులకు, ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చాను. బిళ్లను చెంచాడు తల్లిపాలలోనో, కాచి చల్లార్చిన నీళ్లలోనో ఎలా కరిగించాలో చేసి చూపించాను. ఓపీ చీటీ మీద ‘పద్నాలుగు రోజులు’ అని ఎర్ర సిరాతో రాసేదాన్ని. ఆశాలు ఇంటింటికీ వెళ్లి, బిళ్లలు పూర్తిగా వేశారా అని అడిగి, అవును, కాదు అన్న రెండు గళ్లలో ఒకదానిలో టిక్కు పెట్టి తేవాలి. ఆ ఫారం నా సొంత తయారీ. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మూడు నెలలు తిరిగేసరికి ఫారాలు దాదాపు అన్నీ ‘కాదు’ అంటూ వచ్చాయి. నాకు ఒళ్లు మండింది. విరేచనాలు కట్టగానే తల్లులు బిళ్లలు మూలన పడేస్తున్నారని తీర్మానించుకుని, ఓపీలో కనపడిన తల్లినల్లా కేకలేశాను. నివేదిక చిత్తుప్రతిలో, ‘తల్లుల నిర్లక్ష్యం కారణంగా ఈ పద్ధతి ఇక్కడ ఆచరణలో సాధ్యం కాదు’ అని రాసి పెట్టుకున్నాను. ఆ ఒక్క వాక్యం జిల్లాకు వెళ్తే మిగతా కేంద్రాల పిల్లలకు ఈ మందు దక్కేది కాదు. రాసేటప్పుడు ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఆ వారంలోనే పోశవ్వ వచ్చింది. వాళ్లది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. కొడుకూ కోడలూ పొద్దున్నే చేపల గంపలతో అమ్మకానికి పోతే, పది నెలల మనవరాలు అక్షర ఈ అవ్వ చంకలోనే పెరుగుతోంది. పాప కళ్లు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. విరేచనాలతో ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని వెంటనే సెలైన్ పెట్టించాను. నెలన్నర కిందట ఇదే పాపకు ఇదే జబ్బుకు నేనే చీటీ రాశాను. మధ్యాహ్నానికి పాప కళ్లు తెరిచి చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్లు తాగింది. నా గుండె కుదుటపడింది, దాంతో పాటే కోపమూ లేచింది. పద్నాలుగు రోజులు వేయమంటే ఎందుకు వేయలేదని పోశవ్వను నిలదీశాను.

ఆమె బెదరలేదు. కొంగుముడి విప్పి ఒక ఖాళీ స్ట్రిప్పు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. కత్తెరతో నీటుగా కత్తిరించిన ముక్క, మూడే గళ్లు.

“మూడిచ్చిండ్రు, మూడేసిన. ఇగ పద్నాలుగు ఏడికెల్లి తెచ్చెయ్యాలె? చీటీల రాసిన గోళీలు పోరి మింగదు గద, డాక్టరమ్మా!”

మిగతావి మళ్లీ వచ్చి తీసుకోమన్నారట. “పోరి మంచిగైనంక, పని ఇడిశిపెట్టి ఎవలొస్తరు?” అంది.

ఆ ముక్క పట్టుకుని మందుల కిటికీ దగ్గరికి వెళ్లాను. మా ఫార్మసిస్టు యాదగిరి నెమ్మదస్తుడు, ఇరవై ఏళ్ల సర్వీసున్నవాడు. కేకలేద్దామనే వెళ్లాను. అతను నా మాట పూర్తిగా విని, “నా మనసుకొచ్చినట్టు చేస్తలే మేడం. గా కాయితం చూడుండ్రి,” అని కిటికీ పక్క గోడ చూపించాడు.

‘ఓపీ రోగులకు మూడు రోజుల మందులు మాత్రమే ఇవ్వబడును.’ కింద సంతకం నాదే.

ఆ కేంద్రంలో చేరిన కొత్తలో పెట్టిన సంతకం అది. జనం మందులు ఎక్కువగా తీసుకుపోయి, సగం వాడి, మిగతావి పక్కింటివాళ్లకు పంచుతున్నారని ఆ నియమం పెట్టాను. అప్పటికి అది సరైనదే. తర్వాత దాన్ని నేను మరిచిపోయాను, యాదగిరి మరిచిపోలేదు. జింకుకు వేరే లెక్క ఉందని తెలియదా అని అడిగితే, “ట్రైనింగ్ నాడు ఓపీ ఆగద్దని నన్ను కిటికీ కాడనే కూసోమన్నరు గద మేడం,” అన్నాడు.

నిజమే. అందరికీ నేర్పాను, మందు చేతికిచ్చే మనిషికి తప్ప. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తప్పు కోసం ఇళ్లన్నీ వెతికించాను. చాలా సిగ్గేసింది. వార్డుకు తిరిగి వెళ్లి, తప్పు నాదేనని అందరి ముందూ పోశవ్వతో చెప్పాను. ఆమె సరేనన్నట్టు తలూపి, పాపకు నీళ్లు పట్టడంలో మునిగిపోయింది.

ఆ సాయంత్రమే గోడ మీద కాగితం మార్చాం. జింకు బిళ్లలు పద్నాలుగూ ఒకేసారి ఇవ్వాలని రాసి, ఈసారి యాదగిరిని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాను. ఫారంలో మొదటి ప్రశ్న మార్చాను: ‘ఎన్ని బిళ్లలు చేతికొచ్చాయి?’ ఆ తర్వాత కూడా మధ్యలో మానేసిన తల్లులు ఉన్నారు. అయితే పూర్తి చేసినవాళ్లే ఎక్కువ. నివేదిక మళ్లీ రాశాను. మూడు రోజుల నియమం, దాని కింద ఎవరి సంతకం ఉందీ, రెండూ దాచకుండా రాశాను. జిల్లా ఆఫీసు ఈ పద్ధతిని మిగతా కేంద్రాలకు పంపుతూ, శిక్షణకు ఫార్మసిస్టులను తప్పక పిలవాలని ఒక వాక్యం చేర్చింది.

ఆ రోజు పాపతో పాటు పద్నాలుగు బిళ్లలూ ఇంటికి తీసుకెళ్లిన పోశవ్వ, రెండు వారాలకే ఖాళీ స్ట్రిప్పు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. “ఇగో, లెక్కవెట్టుకో,” అంది. లెక్కపెట్టాను, పద్నాలుగు గళ్లూ ఖాళీ.

పరిశోధన ఫలితం దేశాలు దాటి వచ్చి, నా గదికీ మందుల కిటికీకీ మధ్య పది అడుగుల దూరంలో ఆగిపోయింది. ఆపింది పోశవ్వా కాదు, యాదగిరీ కాదు. ఇప్పుడు కొత్త డాక్టర్లు ఎవరైనా వచ్చి, ఎంత చెప్పినా ఇక్కడి జనం వినరండీ అంటే, నేను వాదించను. మీ కేంద్రం గోడల మీద మీరు సంతకం పెట్టిన కాగితాలన్నీ ఒకసారి చదువుకుని రమ్మంటాను.