మొదటి పేజీలోనే వేయాలన్న మా సారు

మా తెలుగు సారు పోయారని బడికి సెలవిచ్చినప్పుడే తెలిసింది. పరుగున సారు ఇంటికి వెళ్లేసరికి ఆయన కాళ్ల దగ్గర ఆ వారపత్రిక విలేకరి నిలబడి ఏదో రాసుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏ ముఖం పెట్టుకొని వచ్చాడు!

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా క్లాసు పిల్ల ఒకతె వాళ్ల నాన్నకు తోడుగా చెరుకు బండి మీద బోధన్ ఫ్యాక్టరీకి వెళ్లింది. గేటు ముందు బండ్ల వరస కదల్లేదు. రాత్రంతా అక్కడే ఉండిపోయారు. చెరుకు కాలంలో మాకిది మామూలే. ఆ వారం పత్రిక మొదటి పేజీలో పేరూ ఊరుతో సహా వేశారు: "బండివాడితో విద్యార్థిని పరారీ." ఆ బండివాడు కన్నతండ్రేనని కనుక్కునే తీరిక ఈ విలేకరి దొరగారికి లేకపోయింది! చాయ్ హోటల్లో ఒకడు పైకి చదివాడు, అందరూ విన్నారు. పిల్ల బడి మానేసింది.

తండ్రి కట్టె పట్టుకొని సారు ఇంటికి వచ్చాడు. మేం అక్కడే చదువుకుంటున్నాం.

"గా ప్రెస్సుకు అగ్గి పెడ్త సారూ!"

"కూసో. అగ్గి పెడితే జైలుకు పోయేది నువ్వే. కోపం లోపల్నే ఉంచు, కాయితం మీద ఆధారం పెట్టు. గేటు కాడ ఇచ్చిన చిట్టీ ఉన్నదా?"

ఉంది. దాని మీద అతని పేరు, ఆ రోజు తేదీ ఉన్నాయి. సారు వార్తను కత్తిరించి అతికించారు. అబద్ధం కింద ఎర్రగీత గీసి, పక్కన నిజం రాశారు. పత్రిక తేదీ, పేజీ వేశారు. నకలు దగ్గర ఉంచుకొని, ముందు సంపాదకుడికే రిజిస్టరు పోస్టులో పంపారు.

చాలా రోజులకు సవరణ వచ్చింది, ఆఖరి పేజీలో, సినిమా ప్రకటన కింద. సారు క్లాసులోనే అరిచారు. "మొదటి పేజీల తిట్టి, ఆఖరి పేజీల మాఫీ అడుగుతర్రా?"

పత్రికల మీద ఫిర్యాదులు వినే మండలి ఢిల్లీలో అప్పుడే కొత్తగా పెట్టారు. సారు అన్నీ జతచేసి అక్కడికి పంపారు. అక్కడి నుంచి సంజాయిషీ అడిగాక గానీ పత్రికవాళ్లకు బుద్ధి రాలేదు. అప్పుడు సవరణను మొదటి పేజీలో వేశారు. సారు దాన్ని చాయ్ హోటలుకు తీసుకెళ్లి, మొదట చదివిన ఆ మనిషితోనే పైకి చదివించారు. అయ్యేదాకా కూర్చోలేదు.

అప్పటికే పిల్లకు పెళ్లిచేసి నవీపేట్ పంపించేశారు. బాగా చదివే పిల్ల. "గెలిచినం అంటున్రు గని, పిల్ల బడికి రాలేదు గదరా," అన్నారు సారు.

మొన్న సారు పోయారని తెలిసి ఆమె నవీపేట్ నుంచి వచ్చింది. సారు పాదాలకు మొక్కి లేచింది. ఆ విలేకరి ఆమె దగ్గరికి వచ్చి అడిగాడు.

"సారుకు మీరేమైతరమ్మా? పేరు చెప్పుండ్రి, మా పత్రికల ఏస్తం."

"నా పేరు మీకెరికే. మొదటి పేజీల ఏసిండ్రు గద."

అతని కలం ఆగిపోయింది. ఆమె పక్కకు జరగలేదు. అతను కాగితం మడిచి వాకిలి దాటేదాకా అతణ్నే చూస్తూ, సారు కాళ్ల దగ్గరే నిలబడింది.